ఏడో గుడ్డ

స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట, కుల్సుమ్ తన చేత్తో కుట్టిన గుడ్డ కుక్కి ఉంది.

మొదట అది రక్తం అనుకుంది. పగిలిన మూత సందులోంచి ఎర్రగా ఏదో బయటికి పొడుచుకొచ్చింది. రెండు వేళ్లతో పట్టి లాగితే వస్తూనే ఉంది. జానెడు, మూరెడు, బారెడు. మెరిసే ఎర్ర సాటిన్. అంచున బంగారు రంగు లేసు. లేసు మీది కుట్టు సగందాకా ఎర్రదారం, అక్కణ్ణుంచి మెరూన్ దారం.

ఎర్రదారం అయిపోతే మెరూన్ ఎక్కించి ఆ అంచు ముగించింది తనే. ఏలూరులో తన టైలరింగ్ షాపులో, తన మిషను మీద. కొత్త కారు చేతికిచ్చేముందు షోరూములో దాని మీద ముసుగులా కప్పి, కొన్నవాళ్ల చేత లాగిస్తారే, ఆ గుడ్డ. అలాంటివి కుట్టిపెట్టమని తాడేపల్లిగూడెం షోరూమువాళ్లు నిరుడు ఆమెకి ఆర్డరిచ్చారు.

"ఏమ్మా, ఫోను దొరికిందా?" అని స్టేషను అరుగు మీంచి కేకేశాడు కానిస్టేబుల్ యేసుదాసు.

ఆమె వచ్చింది భర్త ఫోను కోసమే. కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ చిన్న పోలీస్ స్టేషను ఆవరణలో, ముందుభాగం నుజ్జయిన తమ కారు నిన్నటినుంచి పడి ఉంది.

నిన్న తెల్లవారుజామున ఆ కారులోనే ఆమె భర్త జుబేర్ కలిదిండి బయల్దేరాడు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే విప్పి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం అతని పని. కొల్లేటి గట్టు రోడ్డంతా పొగమంచు. ఆ మంచులో లైట్లు వేయకుండా ఆగి ఉన్న ఐసు వ్యాను. కారు వెళ్లి వ్యానుని గుద్దింది. జుబేర్ రొమ్ము వెళ్లి స్టీరింగ్‌ని గుద్దింది. ఇప్పుడతను ఏలూరు ఆసుపత్రి ఐసీయూలో గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తిలో దిగింది.

"బావ బెల్టు పెట్టుకుని ఉండడక్కా" అని నిన్నటినుంచీ ఆమె తమ్ముడు నదీమ్ అంటూనే ఉన్నాడు. "బెల్టు లేకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. అది కంపెనీ పెట్టిన ఏర్పాటు."

నదీమ్‌కి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గూడెం షోరూములోనే, గుద్దుకున్న బండ్లు బాగుచేసే బాడీషాపులో వాడు సర్వీస్ అడ్వైజరు. ఆ మాటకి చుట్టాలందరూ తలూపారు. జుబేర్ తండ్రి మదార్ కూడా ఊపాడు. "నా కొడుక్కి మొదట్నుంచీ దూకుడేనమ్మా. తన చేజేతులా తెచ్చుకున్నాడు" అని ఐసీయూ గుమ్మంలోనే కళ్లు తుడుచుకున్నాడు.

కుల్సుమ్ గుడ్డ పట్టుకునే అరుగు వైపు తిరిగింది.

"ఏవండీ, నిన్న ఆయన్ని బండిలోంచి తీసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"బెల్టు పెట్టుకున్నారా ఆయన?"

"పెట్టుకోకేం! లాకు ఊడి రాకపోతే కొబ్బరిబోండాల కత్తి తెప్పించి కోశాను. అదుగో, వేలాడతా ఉంది చూడు."

సీటు పక్కన బెల్టు సగానికి తెగి వేలాడుతోంది. కుల్సుమ్ ఇందాకే దాన్ని చూసింది. చూసి కూడా చూడలేదు.

యేసుదాసు దగ్గరకొచ్చాడు. "ఇదేంటమ్మా, పెళ్లి పందిరి గుడ్డలా ఉంది?"

"ఎయిర్‌బ్యాగండి" అంది కుల్సుమ్.

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎంత గుండె వాళ్లకి! మరి నీ ఒక్కదాని బండిలోనే పెట్టుంటారంటావా?"

ఆ ప్రశ్న కుల్సుమ్‌కి అప్పటిదాకా తట్టలేదు. తట్టాక ఇంకేదీ తలకెక్కలేదు. ఇలాంటి గుడ్డలతో ఇంకెన్ని బండ్లు తిరుగుతున్నాయి? ఇవాళ ఎవరు ఎక్కుతున్నారు వాటిని?

"కంప్లయింటు రాసియ్యి. ఎస్సైగారు బందోబస్తుకి వెళ్లారు. వచ్చాక షోరూముకి నోటీసు పంపుతారు, వాళ్లు జవాబివ్వాలి, టెక్నికల్ వాళ్లు రావాలి... కాస్త టైం పడుద్దనుకో."

"ఈలోపు ఇంకెవరైనా గుద్దుకుంటేనండి?"

యేసుదాసు ఫోను తీసి స్టీరింగ్‌ని నాలుగు వైపులనుంచీ ఫొటో తీశాడు. గుడ్డంతా తీసుకెళ్లడానికి వీల్లేదన్నాడు. కానీ ఆమె చివరి అంచు ఒక్కటి కోసుకుంటానంటే, అదే కత్తి తెచ్చి చేతికిచ్చాడు.

*

ఏలూరు చేరి, ఐసీయూ అద్దంలోంచి జుబేర్ ముఖం చూసి, గూడెం బస్సెక్కింది. నదీమ్ ఆసుపత్రిలో లేడు. ఇన్సూరెన్సు కాగితాల పని ఉందని పొద్దున్నే షోరూముకి వెళ్లాడని మదార్ చెప్పాడు. ఒకందుకు అదే మంచిదనుకుంది. అక్కడ మనవాడు ఒకడుంటే దొంగ ఎవరో తొందరగా తేలుతుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నిరుటి సంగతి గుర్తొచ్చింది. కొల్లేటి రోడ్డు మీదే జుబేర్‌కి గేదె అడ్డం వచ్చింది. గేదె లేచి వెళ్లిపోయింది. కారు ముందుభాగం అణిగింది. అప్పుడు మాత్రం ఎయిర్‌బ్యాగ్ ఠాప్‌మని తెరుచుకుని, జుబేర్ ఒంటి మీద గీత పడకుండా దిగాడు. బండిని నదీమ్‌కే అప్పగించారు.

"నువ్వున్నావు కదరా, నువ్వే చూస్కో" అంది కుల్సుమ్ ఆ రోజు. "మా చేతిలోంచి ఏమీ పడకూడదు. ఎలాగూ ఇన్సూరెన్సు వాళ్లే కడతారు కదా, ఆ వెనక డోరు గీతలు కూడా అందులోనే కలిపెయ్. సీటు కవర్లు చినిగాయి, అవీ మార్చెయ్."

"అలా కలపరక్కా. ఇన్సూరెన్సు సర్వేయర్ ఒప్పుకోడు."

"ఒప్పించాలి. లేకపోతే మనవాడుండి ఏం లాభం?"

జుబేర్ పగలబడి నవ్వాడు. "దాయాది చావ కోరు, బావమరిది బతక కోరు అని ఊరికే అన్నారా! చూడు, మా నదీమ్ ఎలా చేయించుకొస్తాడో."

నదీమ్ చేయించుకొచ్చాడు. ముందుభాగం కొత్తది, డోర్లకి కొత్త రంగు, తోలు సీటు కవర్లు, అడక్కుండానే వెనక్కి చూసే కెమెరా. ఊళ్లో ఎదురైన వాళ్లందరికీ కుల్సుమ్ ఆ సీటు కవర్లు తట్టి చూపించింది.

*

షోరూము హైవే పక్కన అద్దాల మేడ. కుల్సుమ్ వెళ్లేసరికి హాలు మధ్యలో ఒక కారు మీద ఎర్ర సాటిన్ కప్పి ఉంది. చుట్టూ ఒక కుటుంబం పూలదండలతో నిలబడింది.

"కానియ్యమ్మా, వర్జ్యం వచ్చేస్తంది" అంటున్నాడు కుటుంబ పెద్ద.

"బండి ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోండి సార్" అంది సేల్స్ అమ్మాయి ఇందు.

"చూసేదేముందమ్మా, కొత్త బండే కదా! మీ మేనేజరు మా తోడల్లుడికి బాగా కావలసినవాడు. ఎవరికీ ఇవ్వనంత తగ్గించి ఇచ్చాడు."

గుడ్డ జారింది. చప్పట్లు కొట్టారు. సంతకం పెట్టమన్న చోటల్లా ఆయన చదవకుండా పెట్టేశాడు.

బాడీషాప్ మేనేజరు దుర్గాసాయి అద్దాల గదిలోంచి అదంతా చూస్తున్నాడు. కుల్సుమ్‌ని చూసి లేచి కుర్చీ వేశాడు.

"రండమ్మా. బావగారికి ఎలా ఉందండి? నదీమ్ చెప్పాడు, పొద్దున్నుంచీ మనసు బాలేదు. టీ తాగుతారా?"

"వద్దండి."

"పాపం, బెల్టు పెట్టుకుని ఉంటే..." అని నిట్టూర్చాడు. ఆయన కళ్లు మళ్లీ హాల్లోకి వెళ్లాయి. "ఆ నవ్వులు చూశారా? తగ్గించారని నవ్వుతున్నారు. నదీమ్ అక్కగారు కాబట్టి చెప్తున్నానండీ, అక్కడ తగ్గించిందంతా సర్వీసులో రాబట్టమని మా మెడ మీద కూర్చుంటారు. అడ్వైజరుకి ఇంత తేవాలని ప్రతి నెలా టార్గెట్. తేకపోతే మరుసటి నెల ఆ కుర్చీలో ఇంకొకడు. బయట ఒక పూటలో అయ్యే పనికి మా దగ్గర బిల్లు చూసి జనం శాపనార్థాలు పెడతారు. ఏం చేస్తాం!"

"మా బండికి నిరుడు ఎయిర్‌బ్యాగ్ వేశారా అండీ?"

"వెయ్యకుండా ఎలా ఉంటామండీ?" కంప్యూటర్ తిప్పి చూపించాడు. తెరమీద ఫొటో. స్టీరింగ్ మూత విప్పి, లోపల నల్లటి ఎయిర్‌బ్యాగ్ డబ్బా, దాని మీద నంబరు. "సర్వేయర్‌గారు చూసి ఒప్పుకున్నాకే ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది. కాగితం ప్రకారం మీ బండిలో ఎయిర్‌బ్యాగ్ ఉందండి."

"నిన్న బండి నడిపింది కాగితం కాదండీ. మా ఆయన."

సంచిలోంచి అంచు ముక్క తీసి బల్లమీద పరిచింది. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పింది. యేసుదాసు బెల్టు కోసిన సంగతీ చెప్పింది.

దుర్గాసాయి గుడ్డని ముట్టుకోకుండా వంగి చూశాడు. లేచి తలుపు వేశాడు. మళ్లీ తీసి గట్టిగా పిలిచాడు.

"ఇందూ! డెలివరీ గుడ్డలన్నీ పట్రా. అన్నీ. ఆ బండిమీద ఇప్పుడు తీసింది కూడా."

ఇందు చేతుల నిండా ఎర్రటి మూట తెచ్చింది. బల్లమీద ఒక్కొక్కటీ విప్పారు. ఆరు గుడ్డలు. ఆరింటికీ అంచు చుట్టూ ఎర్రదారమే. ఎక్కడా మెరూన్ లేదు.

"ఆరు ఆర్డరిచ్చాం, ఆరూ ఇక్కడే ఉన్నాయండి." దుర్గాసాయికి ఊపిరి వచ్చింది. గొంతులో మర్యాద కూడా కాస్త గట్టిపడింది. "ఇది మాది కాదు. మీ షాపులోంచి ఎవరికి వెళ్లిందో మీరే గుర్తు తెచ్చుకోండి. మా సంస్థ మీద అలా నిందలు వెయ్యకూడదు కదండీ."

కుల్సుమ్ మెరూన్ కుట్టు మీద వేలు పెట్టింది. పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది.

అవును. ఆరు గుడ్డలకి కొన్న తానులో కాస్త మిగిలింది. దాంతో ఏడోది మొదలుపెట్టింది. సగంలో ఎర్రదారం అయిపోయింది. బజారుకి వెళ్లే ఓపిక లేక మెరూన్‌తో కానిచ్చేసింది. గుడ్డలు తీసుకెళ్లడానికి వచ్చినవాడు ఏడోది కూడా మడతపెట్టబోతే ఆపింది.

"అది షోరూముకి పనికిరాదురా, కుట్టు చూడు. నువ్వుంచుకో. నీ బండి తుడుచుకోవడానికి పనికొస్తది."

వాడు నవ్వి దాన్ని మెళ్లో కండువాలా వేసుకుని, బైకెక్కి వెళ్లిపోయాడు.

దుర్గాసాయి ఏదో అడుగుతున్నాడు. కుల్సుమ్ ముక్కని సంచిలో పెట్టుకుంది.

"నదీమ్ ఎక్కడున్నాడండి?"

"వెనక షెడ్డులో. వాడికీ మతి స్థిమితం లేదనుకోండి నిన్నట్నుంచి. ఒక పాత కస్టమర్‌కి ఫోను మీద ఫోను చేస్తున్నాడు, ఫ్రీ చెకప్ క్యాంపు ఉంది రమ్మని. మేం ఏ క్యాంపూ పెట్టలేదు మరి."

*

బాడీషాపులో రంగు వాసన, రేకులు సాపు చేసే సుత్తి చప్పుడు. చివరి గడిలో, బానెట్ ఎత్తి ఉన్న తెల్లకారు పక్కన నదీమ్ ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అక్కని చూసి ఫోను దించాడు.

"ఏంటక్కా ఇలా వచ్చావు? బావకి..."

"బతికే ఉన్నాడు."

"అల్లా దయ. కాగితాలు సర్దుతున్నానక్కా. బెల్టు గొడవ లేకపోతే..."

"బెల్టు పెట్టుకున్నాడు. పోలీసులు కత్తితో కోశారు."

కుల్సుమ్ సంచిలోంచి గుడ్డ తీసి వాడి భుజం మీద వేసింది, ఆ రోజు వాడు కండువాలా వేసుకున్న చోటే.

వాడు దాన్ని తీయలేదు. చూడనూ లేదు. తెల్లకారు రేకుని పట్టుకుని నెమ్మదిగా నేలమీద కూలబడ్డాడు.

"అక్కా, నేను..."

"నోర్ముయ్. నీ ఏడుపు నాకిప్పుడొద్దు. ఎన్ని బండ్లు?"

"నేను కావాలని..."

"ఎన్ని బండ్లురా?"

"మూడు. మూడే అక్కా, ఒట్టు. ఒకటి మీది. ఒకటి ఇదే, ఈ తెల్లది. ఇంకా డెలివరీ ఇవ్వలేదు. నేను దీన్ని కదలనివ్వను."

"మూడోది?"

నదీమ్ చేతిలో ఫోను వైపు చూశాడు.

"పెంటపాడు సత్యనారాయణమూర్తిగారిది. వరి రైతు. నిన్న నీ దగ్గర్నుంచి ఫోనొచ్చిన దగ్గర్నుంచీ ఆయనకే చేస్తున్నానక్కా. చెకప్ ఉంది, ఫ్రీగా చేస్తాం, మేమే వచ్చి బండి తీసుకెళ్తాం అన్నాను. రానంటున్నాడు. ఇవాళ బండేసుకుని జంగారెడ్డిగూడెం బయల్దేరారంట. కూతురింటికి, మనవరాల్ని తీసుకుని."

"ఇప్పుడా? రోడ్డు మీద ఉన్నారా?"

"ఉన్నారు."

కుల్సుమ్‌కి పగిలిన స్టీరింగ్ కళ్లముందు కదిలింది. "చెయ్యి. స్పీకర్ పెట్టు."

బయట రేకుల మీద వాన మొదలైంది. ఫోను చాలాసేపు మోగింది.

"ఆయ్, మళ్లీ నువ్వేనా అబ్బాయ్!" అవతలనుంచి పెద్దాయన గొంతు, వెనక పాటలు, వైపర్ల చప్పుడు. "ఏవే, షోరూము కుర్రాడే. ఇవాళ పొద్దున్నుంచి ఇది ఎన్నోసారో నాకే తెలీదు."

"నమస్కారమండి మూర్తిగారూ. అదేనండి, చెకప్ గురించి. ఇవాళే ఆఖరి రోజండి. పూర్తిగా ఫ్రీ. మీరు ఎక్కడున్నారో చెప్తే..."

"ఫ్రీ!" పెద్దాయన నవ్వు షెడ్డంతా వినపడింది. "క్రితంసారీ ఫ్రీ అనే పిలిచావు కదయ్యా. ఫ్రీ అని తీసుకెళ్లి ఏసీ గ్యాసన్నారు, చక్రాల వంకరన్నారు, ఏదో ద్రావకం పోశామన్నారు. మా ఆవిడ మెళ్లో గొలుసు ఒకటే మిగిల్చారు. మీ ఫ్రీకి మేం తట్టుకోలేం బాబూ."

"అచ్చమ్మగారికైనా చెప్పండి, ఈసారి అలా కాదని..."

"నేనే వద్దన్నానండీ!" అని వెనకనుంచి ఆడగొంతు. "పుణ్యముంటది, మమ్మల్నొదిలెయ్యండి."

"కనీసం కొంచెం నెమ్మదిగా వెళ్లండి మూర్తిగారూ. వానకదా. పాపని వెనక కూర్చోబెట్టండి."

"మా మనవరాలు ముందు సీటు దిగనంటంది. నా ఒళ్లోనే ఉంది. మా అల్లుడు జీవన్ చెయ్యి తిరిగినోడు, నల్లజర్ల దాటించేశాడు అప్పుడే. అయినా ఎయిర్‌బ్యాగులున్న బండికి భయమేంటయ్యా? అంత పోసి కొన్నది అందుకే కదా. ఉంటాను."

పెట్టేశాడు.

కుల్సుమ్ తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుని మళ్లీ కలిపింది.

"ఏవండీ, నేను కుల్సుమ్‌నండి, ఏలూరునుంచి. మీరెవరో నాకు తెలీదు. మీ బండి పక్కకి ఆపండి. దాన్లో ఎయిర్‌బ్యాగ్ లేదండి."

"ఎవరమ్మా నువ్వు? ఆ కుర్రాడి నంబరునుంచి మాట్లాడతన్నావు? మొన్న బ్యాంకునుంచి అని ఒకావిడ ఇలాగే తియ్యగా మాట్లాడింది. ఇప్పుడు ఓటీపీ అడుగుతావా ఏంటి?"

"కాదండీ, మా ఆయన నిన్న ఇలాంటి బండిలోనే..."

"మా ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు, పెట్టెయ్ తల్లీ!" అంది అచ్చమ్మ. లైను తెగింది.

కుల్సుమ్ ఫోనుని నదీమ్ ముందు నేలమీద పెట్టింది. తనూ వాడి ఎదురుగా చతికిలబడింది. సుత్తులు ఆగాయి. ఇద్దరు ముగ్గురు పనివాళ్లు ఇటే చూస్తున్నారు. షెడ్డు గుమ్మంలో దుర్గాసాయి వచ్చి నిలబడ్డాడు.

"నీకు వాళ్లని ఆపే మాట ఒక్కటే ఉంది" అంది. "నిన్నట్నుంచీ అదొక్కటి తప్ప అన్నీ చెప్పావు."

"ఇక్కడ అందరూ ఉన్నారక్కా."

"ఉండనీ."

"ఉద్యోగం పోద్ది. జైల్లో వేస్తారు."

"వేస్తారు."

"అమ్మకేం చెప్తావు?"

"ఆ పాప ఆయన ఒళ్లో ముందు సీట్లో ఉందిరా. స్టీరింగ్ వాళ్ల అల్లుడి చేతిలో ఉంది. అది తగిలితే మీ బావ రొమ్ము ఎలా అయిందో నువ్వు చూశావు. నేను వేరే నంబరునుంచి చేసినా నమ్మరు. పోలీసులు వాళ్లని వెతికేలోపు కొయ్యలగూడెం దాటతారు. సీటు కవర్లు నేనడిగాను. అది నేను మోస్తాను. ఇది నీది. నంబరు నొక్కు."

నదీమ్ ముఖం తుడుచుకున్నాడు. భుజం మీది గుడ్డతోనే తుడుచుకుని, అదేమిటో గుర్తొచ్చి, కింద పడేశాడు. నంబరు నొక్కాడు. మోగుతున్నంతసేపూ కళ్లు మూసుకున్నాడు.

"ఏంటయ్యా, పోలీస్ కంప్లయింటు ఇమ్మంటావా ఏంటి!"

"ఇవ్వండి మూర్తిగారూ. తప్పకుండా ఇవ్వండి. నా పేరు నదీమ్. మీ బండి చేసిన అడ్వైజర్ని. ఇప్పుడు చెకప్ గురించి కాదండి. అదంతా అబద్ధం, క్యాంపూ లేదు ఏమీ లేదు. మీ స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదండి. దాని బదులు గుడ్డ కుక్కి ఉంది. పాత తువ్వాలు. పెట్టింది నేనేనండి, ఇంకెవరూ కాదు. కొత్తది తెప్పించాను, బిగించి ఫొటో తీశాను, సర్వేయర్‌గారు ఫొటో చూసి వెళ్లాక సాయంత్రం ఊడదీసి బయట అమ్మేశాను. డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలగకుండా చిన్న తీగముక్క తగిలించాను. అందుకే మీకు తెలీలేదు. మీరు చేతిలోంచి ఏమీ పడకూడదు, పైగా నాలుగు కొత్త అల్లాయ్ చక్రాలు కావాలి అన్నారు గుర్తుందా అండీ? ఆ చక్రాలే మీ ఎయిర్‌బ్యాగు. మిగిలింది నా టార్గెట్‌కి పోయింది. మీరడిగారని చేశానని అనట్లేదండి. కాదని చెప్పడానికి నాకు నోరుంది. మొదటిసారి మా అక్క బండికి చేశాను, ఆవిడ సంతోషపడింది, ఎవరికీ తెలీలేదు. తర్వాత మీకు చేసేటప్పుడు చెయ్యి కూడా వణకలేదు. ఎవరూ ఎక్కడా గుద్దుకోరులే అనుకున్నాను. నిన్న మా బావ గుద్దుకున్నాడండి. ఇందాక మీతో మాట్లాడింది ఆవిడే, మా అక్కే, ఆవిడ చెప్పింది నిజం. నేను నిన్నట్నుంచీ బావ బెల్టు పెట్టుకోలేదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. పెట్టుకున్నాడండి... తిట్టండి, మీరేమన్నా పడతాను, ఎస్సైగారి దగ్గర కూడా ఇదే చెప్తాను. ముందు జీవన్‌గారిని బండి పక్కకి తియ్యమనండి. పాపని దింపండి. తీశారా అండీ? ఇంజను చప్పుడు ఇంకా వినపడతంది నాకు. ఆపండి మూర్తిగారూ. నేను లైన్లోనే ఉంటాను."